నిద్రమాత్రకు రెండు పేర్లు

నామవాచకాలను గురించి చెప్పేటప్పుడు రూఢము, యౌగికము అనే భేదాన్ని ప్రతి తెలుగు పండితుడూ ఎప్పుడో ఒకప్పుడు నల్లబల్ల మీద వ్రాసే ఉంటాడు. లోకవ్యవహారం చేత మాత్రమే నిలిచిన పేరు రూఢము. గుఱ్ఱము అన్న మాటను ఎన్ని ముక్కలు చేసినా అందులో గుఱ్ఱం కనిపించదు. లోపలి భాగాలను విడదీస్తే తన అర్థాన్ని తానే చెప్పే పేరు యౌగికము. పాచకుడు అంటే వండేవాడు; ధాతువును పట్టుకొంటే పని తెలిసిపోతుంది. ఈ భేదం తరగతి గదికీ పరీక్ష పేపరుకూ పరిమితమైనదని సాధారణంగా అనుకొంటాము. కాని ఈనాడు విదేశయానం చేసే వృద్ధులకు ఇది కస్టమ్స్ బల్ల దగ్గర కూడా పనికివచ్చే పాఠం.

ఎట్లాగంటారా? పిల్లల దగ్గరకు అమెరికాకో ఆస్ట్రేలియాకో బయలుదేరే మన పెద్దవారి చేతిసంచిలో ఊరగాయల సంగతి ఎట్లా ఉన్నా మందుల పొట్లం మాత్రం తప్పక ఉంటుంది. అందులో రక్తపోటు మాత్రలు, చక్కెర వ్యాధి మాత్రలు, వాటి అడుగున ఒక నిద్రమాత్రల పట్టీ. మొదటి రెండింటిని గురించి సాధారణంగా ఎవరూ పెద్దగా అడగరు. మూడవది మాత్రం అంతర్జాతీయ ఒడంబడికలకు లోబడిన వస్తువు. దానికి మన ఇంట్లో ఒక పేరు, చట్టంలో ఒక పేరు. ఇంటిపేరు రూఢము, చట్టంలోని పేరు యౌగికము. సరిహద్దు గుర్తించేది రెండవదానినే. నిద్ర పుచ్చే మందుకు ఈ అనుమతిపత్రాల బెడద ఎప్పుడు, ఎందుకు వచ్చినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ నల్లమందుతో మొదలవుతుంది. మన భాషలో దానికి అభిని అనే పేరు కూడా ఉన్నది. సంస్కృతంలో అహిఫేనము అన్నారు. పాము నురుగు అని దాని అక్షరార్థం. చూడటానికి అచ్చమైన యౌగికపదం వలె ఉన్నా, ఇది నిజానికి వేషం మార్చుకొన్న పరదేశి. గ్రీకు భాషలో రసం అనే అర్థం గల 'ఓపియోన్' అరబ్బీలో 'అఫ్యూన్' అయినది. ఆ మాటకు సంస్కృతరూపం కల్పించినవారు పాము విషాన్ని తలచుకొని అహిఫేనమన్నారు. మందు ప్రయాణం చేసినప్పుడు దాని పేరూ ప్రయాణం చేస్తుందనడానికీ, దారిలో ఆ పేరు అర్థం మారిపోతుందనడానికీ ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో సెర్టుర్నర్ అనే యువ ఔషధకారుడు నల్లమందు నుండి దాని సారాన్ని వేరు చేసి, గ్రీకుల స్వప్నాధిదేవత మార్ఫియస్ పేరు మీద దానికి నామకరణం చేసినాడు. అదే మార్ఫిన్. ఆ తరువాత రసాయనశాస్త్రం నిద్రను వరుసగా అంగడిలోకి తెచ్చినది. 1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్ మూర్ఛరోగులకు బ్రోమైడు ఇచ్చి గుణం చూసినాడు. ఆ ఉప్పే నిద్రమందుగానూ వ్యాపించినది. 1869లో బెర్లినులో ఆస్కార్ లీబ్రైష్ క్లోరల్ హైడ్రేటుకు నిద్ర పుచ్చే గుణం ఉన్నదని చూపినాడు. 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు జర్మనులు బార్బిటాల్ అనే పదార్థాన్ని నిద్రమందుగా ప్రకటించినారు. అంతకు ముందు సంవత్సరమే ఫిషర్ నోబెల్ బహుమతి పొంది ఉన్నాడు. ఆ పదార్థం వెరొనాల్ అన్న పేరుతో అమ్మకానికి వచ్చినది. ఇటలీలోని వెరోనా నగరం మీదుగా ఆ పేరు పెట్టినారని ప్రసిద్ధి. 1912లో దాని తోబుట్టువు ఫినోబార్బిటాల్ వచ్చినది. మూర్ఛలకు గార్డినాల్ మాత్ర వేసుకొన్నవారు మన పెద్దలలో చాలామంది ఉంటారు. ఆ గార్డినాల్ ఇదే.

ఆనాడు వెరొనాల్ జేబులో పెట్టుకొని ఓడ ఎక్కిన ప్రయాణికుని ఆ మాత్ర కోసం అంతర్జాతీయ చట్టమేదీ అడ్డగించలేదు. అడ్డగింపు మరొకచోట మొదలైనది. 1909లో షాంఘైలో 13 దేశాలు నల్లమందును గురించి సమావేశమైనవి. 1912 జనవరి 23న హేగ్ నగరంలో మొదటి అంతర్జాతీయ నల్లమందు ఒడంబడిక మీద సంతకాలు జరిగినవి. 1925లో జెనీవాలో మరొక ఒడంబడిక కుదిరి, మాదక ద్రవ్యం ఒక దేశం నుండి మరొక దేశానికి పోవాలంటే దిగుమతి చేసుకొనే ప్రభుత్వం వ్రాతపూర్వకంగా అనుమతించాలనే ఏర్పాటు వచ్చినది. ఇప్పుడు మనం చేతిలో పట్టుకొని తిరుగుతున్న అనుమతి కాగితానికి ముత్తాత ఆ 1925 నాటి దిగుమతి పత్రం. 1961లో పాత ఒడంబడికలన్నింటినీ కలిపి ఏక ఒడంబడికగా వ్రాసినారు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఈ అర్ధశతాబ్ది కట్టుబాట్లన్నీ ప్రధానంగా గసగసాల మొక్క, కోకా మొక్క, గంజాయి మొక్కల మీదనే. అనగా ఆసియా, దక్షిణ అమెరికా రైతుల పొలాల మీద. యూరపు, అమెరికా కర్మాగారాలలో తయారైన నిద్రమాత్రలు ఆ పట్టికలలో చేరలేదు. అవి ప్రమాదం లేనివి కావడం చేత చేరలేదనుకొంటే పొరపాటు. నిద్ర పట్టే మోతాదుకూ ప్రాణం పోయే మోతాదుకూ మధ్య దూరం తక్కువ కావడం బార్బిటాల్ జాతి మందుల స్వభావం. 1926లో వచ్చిన అగాథా క్రిస్టీ నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' వెరొనాల్ అతిమోతాదు వలన కలిగిన ఒక మరణంతో మొదలవుతుంది. ఆ పేరుకు వివరణ ఇవ్వవలసిన పని లేకుండానే ఆనాటి పాఠకులకు అర్థమైనదంటే ఆ మందు ఎంతగా ఇంటింటి వస్తువైనదో ఊహించుకోవచ్చు. 1962 ఆగస్టులో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో మరణించినప్పుడు ఆమె దేహంలో పెంటోబార్బిటాల్, క్లోరల్ హైడ్రేటు రెండూ కనిపించినవి. 1869 నాటి మందూ, బార్బిటాల్ వంశం మందూ ఒకే దేహంలో కలిసినవన్నమాట.

ఈ చరిత్రలో మన ప్రాంతానికి సంబంధించిన పుట ఒకటి ఉన్నది. అది చాలామందికి తెలియదు. 1951లో ఇంద్రకిశోర్ కక్కర్, సయ్యద్ హుసేన్ జహీర్ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు ఒక కొత్త రసాయనాన్ని సంశ్లేషించినారు. దాని పేరు మెథాక్వలోన్. మలేరియా మందుల కోసం జరిగిన అన్వేషణలో అది పుట్టినదని చెప్తారు. జహీర్ గారు హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనశాలకు సంచాలకులుగా పనిచేసినవారు. తార్నాకలో ఈనాడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పిలిచే సంస్థ అదే. తరువాత వారు దేశం మొత్తం మీది శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి మహాసంచాలకులైనారు. మెథాక్వలోన్‌కు నిద్ర పుచ్చే గుణం ఉన్నదని 1950లలోనే మన దేశపు పరిశోధకులు గుర్తించినారు. 1960లలో అది బ్రిటనులో మాండ్రాక్స్ అనీ, అమెరికాలో క్వాలూడ్ అనీ పేర్లు పెట్టుకొని అంగడికెక్కినది. బార్బిటాల్ జాతికంటె నిరపాయమైనదని ప్రచారం జరిగినది. పది పదిహేనేళ్ళు తిరగకముందే అది వ్యసనంగా మారినది. 1984లో అమెరికా దానిని వైద్యానికి సైతం పనికిరాని పట్టికలో చేర్చినది. 2016లో రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర కేంద్ర రెవెన్యూ నిఘా అధికారులు 23 టన్నులకు పైగా మాండ్రాక్స్ మాత్రలను పట్టుకొన్నారు. జ్వరం తగ్గించే మందు కోసం వెదకిన చేతుల నుండి వచ్చిన వస్తువు చివరకు ఎక్కడికి చేరినదో చూడండి. ఇందులో శాస్త్రవేత్తల దోషం ఏమీ లేదు. ఒక మందు మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు అది ఎంత మోతాదులో, ఎవరి చేతిలో, ఎవరి అనుమతితో ఉన్నదనే దానిని బట్టి మారుతుందని మాత్రం దీని వలన తెలుస్తున్నది.

బార్బిటాల్ జాతికి వారసులు స్విట్జర్లాండుకు చెందిన ఒక సంస్థ నుండి వచ్చినారు. హాఫ్‌మన్ లా రోష్ సంస్థలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయనవేత్త కనుగొన్న లిబ్రియం 1960లోనూ, వేలియం 1963లోనూ విడుదలైనవి. 1965లో నిద్రకే ప్రత్యేకించిన మొగడాన్ వచ్చినది. వేలియంలోని మందు డయజిపామ్. దానినే మన దేశంలో కాంపోజ్ అని అమ్మినారు. ఆ రోజులలో మన పట్టణాలలో నిద్రమాత్రకు కాంపోజ్ అన్నది పర్యాయపదమైపోయినది. సినిమాలలో సైతం ఆ మాట వినిపించేది. ఒక సంస్థ పెట్టుకొన్న పేరు జాతివాచకం కావడమంటే ఇదే. రూఢి బలం అంత గొప్పది.

ఇన్ని మందులు ఇంతగా వ్యాపించిన తరువాత ప్రభుత్వాలు మేలుకొన్నవి. 1971 జనవరి, ఫిబ్రవరి నెలలలో వియన్నాలో ఐక్యరాజ్యసమితి సమావేశం జరిగినది. ఫిబ్రవరి 21న మనోప్రభావక ద్రవ్యాల ఒడంబడిక సిద్ధమైనది. 1976 ఆగస్టు 16 నుండి అమలులోకి వచ్చినది. భారతదేశం 1975లోనే దానిలో చేరినది. ఈ ఒడంబడికలో నాలుగు పట్టికలు ఉన్నవి. మొదటిది అతి కఠినం, నాలుగవది తక్కువ కఠినం. బార్బిటాల్, ఫినోబార్బిటాల్, మెథాక్వలోన్ మొదట నాలుగవ పట్టికలో ఉండినవి. మెథాక్వలోన్‌ను 1979లో అక్కడి నుండి రెండవ పట్టికకు మార్చినారు. డయజిపామ్ వంటి 33 మందులను 1984లో ఒక్కమారుగా నాలుగవ పట్టికలో చేర్చినారు. ఫ్రాన్సులో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన జోల్పిడెమ్ 2001లో అదే పట్టికకు వచ్చినది. ఈ తేదీలు ఎందుకు చెప్తున్నానంటే, ఒక మాత్ర నిన్నటి వరకు సాధారణమైన మందుగా ఉండి రేపు పట్టికలోకి ఎక్కవచ్చు. మన సంచిలోని పట్టీ మారదు. దాని మీది చట్టం మారుతుంది.

ఒడంబడికను వ్రాసినవారు ప్రయాణికుని మరచిపోలేదు. ఈ చరిత్ర మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన సంగతి ఇది. నాలుగవ అధికరణంలో, మొదటి పట్టికలోని ద్రవ్యాలను మినహాయించి మిగిలిన వాటి విషయంలో, అంతర్జాతీయ ప్రయాణికులు స్వంత వాడుక కోసం కొద్ది పరిమాణంలో మందులు తీసుకొనిపోవడానికి దేశాలు అనుమతి ఇవ్వవచ్చునని వ్రాసినారు. అయితే ఆ మందును ప్రయాణికుడు న్యాయంగా సంపాదించినాడా లేదా అని నిర్ధారించుకొనే హక్కు ప్రతి దేశానికీ ఉన్నదని వెంటనే చేర్చినారు. వ్యాకరణం చదివినవారికి ఇందులోని కీలకం ఇట్టే తెలుస్తుంది. 'ఇవ్వవలెను' అనలేదు, 'ఇవ్వవచ్చును' అన్నారు. విధ్యర్థానికీ అనుమత్యర్థానికీ మధ్య ఉన్న ఆ ఒక్క క్రియారూప భేదం మీదనే నేటికీ లక్షలాది ప్రయాణికుల నిద్ర ఆధారపడి ఉన్నది. తలుపు పెట్టినారు, తాళం మాత్రం ఎవరి ఇంటిది వారికే విడిచిపెట్టినారు.

కనుకనే దేశానికొక పద్ధతి ఏర్పడినది. యూరపులో షెంజెన్ ఒప్పందం క్రింద ఉన్న దేశాల మధ్య తిరిగేవారికి 1990 నాటి ఒప్పందంలోని 75వ అధికరణం ప్రకారం ఒక ధ్రువపత్రం ఉన్నది. స్వదేశపు అధికారుల ముద్ర పడిన ఆ పత్రం 30 రోజులు చెల్లుతుంది. బ్రిటనులో మూడు నెలలకు మించని మందుకు వైద్యుని ఉత్తరం చాలు. అంతకు మించితే ప్రత్యేకమైన అనుమతి కావాలి. అమెరికా నిబంధనల ప్రకారం మందు అసలు డబ్బాలోనే ఉండాలి, అధికారికి ముందుగా ప్రకటించాలి, దాని వ్యాపారనామమో రసాయననామమో చెప్పగలగాలి. ఐక్య అరబ్ ఎమిరేట్లలో నియంత్రిత ఔషధాలకు ప్రభుత్వ జాలస్థలంలో ముందస్తు అనుమతి తీసుకోవాలి. సింగపూరులోనూ కొన్ని నిద్రమందులకు ముందుగానే అనుమతి పొందే ఏర్పాటు ఉన్నది. ప్రయాణికుల కోసం ఆయా దేశాల నిబంధనలను వియన్నాలోని అంతర్జాతీయ మాదక ద్రవ్య నియంత్రణ మండలి తన జాలస్థలంలో ఒకచోట చేర్చి ఉంచుతున్నది. టిక్కెట్టు కొన్ననాడే ఆ పుట తెరిచి చూడటం మంచిది.

ఈ పద్ధతుల మధ్య వైరుధ్యాలు కూడా తక్కువేమీ కావు. ఫ్లూనైట్రజిపామ్ అనే నిద్రమందును జపానులో వైద్యులు నిద్రలేమికి వ్రాస్తారు. అమెరికాలో ఆ మందుకు ఏనాడూ ఆమోదం లభించలేదు. 1996లో దాని దిగుమతినే నిషేధించినారు. మత్తు కలిపి అత్యాచారాలు చేసేవారు దానిని వాడినారన్నది అందుకు ఒక కారణం. అందువలన టోక్యోలో రోగిగా బయలుదేరినవాడు అమెరికా విమానాశ్రయంలో నేరస్థుడిగా దిగే అవకాశం ఉన్నది. ఇందుకు విపర్యయంగా మెలటోనిన్ అనే పదార్థం అమెరికాలో విటమిన్ల వరుసలో అమ్ముడుపోతుంది. బ్రిటనులో అదే పదార్థానికి వైద్యుని చీటీ కావాలి. పెద్ద అంగడిలో కొన్నాను కదా అని ధైర్యపడటానికి లేదు. వైద్యుడే వ్రాసినాడు కదా అని ధైర్యపడటానికీ లేదు.

ఇప్పుడు పేర్ల సంగతికి వద్దాము. ఒకే మందుకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క వ్యాపారనామం ఉండటం చూసి, 1950లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నిర్ణయం చేసినది. ప్రతి ఔషధానికీ ఎవరి స్వంతమూ కాని ఒక అంతర్జాతీయ నామం ఉండాలన్నది ఆ నిర్ణయం. మొదటి పట్టిక 1953లో వెలువడినది. ఈ పేర్లను పెట్టిన విధానం చూస్తే మన వ్యాకరణవేత్తలు సంతోషిస్తారు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ప్రత్యయం ఉన్నది. డయజిపామ్, నైట్రజిపామ్, లోరజిపామ్, క్లోనజిపామ్ అన్నింటి చివరా 'అజిపామ్' వినిపిస్తుంది. అవన్నీ ఒకే వంశం. 'బార్బ్' అనే ముక్క ఉంటే బార్బిటాల్ వంశం. 'పిడెమ్' అని ముగిస్తే జోల్పిడెమ్ వంశం. తద్ధిత ప్రత్యయం చూసి శబ్దం అర్థం చెప్పినట్లు, ఈ చివరలు చూసి అధికారి మందు జాతి చెప్పగలడు.

వ్యాపారనామానికి ఆ శక్తి లేదు. జోల్పిడెమ్‌కు అమెరికాలో ఆంబియెన్, ఫ్రాన్సులో స్టిల్నాక్స్, మన దేశంలో మరి ఎన్నో పేర్లు. అంతేకాదు, ఒకే వ్యాపారనామం రెండు దేశాలలో రెండు వేరు మందులకు ఉండటం కూడా కద్దు. నిద్రమందు కాకపోయినా ఒక ఉదాహరణ చెప్తాను. ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో మూత్రసంబంధమైన బాధకు వాడే మందు. ఇటలీలో అదే పేరుతో వాపు తగ్గించే వేరొక మందు ఉండినది. 2006లో అమెరికా ఔషధ అధికారులు ఇటువంటి పేర్లను గురించి ప్రయాణికులను హెచ్చరించినారు. ఇంటిలో చాలే పేరు పొలిమేర దాటితే చాలదు.

మన దేశపు చట్టం కూడా ఈ దారిలోనే నడిచినది. మాదక ద్రవ్యాలు, మనోప్రభావక ద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. ఆ చట్టం క్రింద చేసిన నియమావళిలో 66వ నియమం రోగిని దృష్టిలో పెట్టుకొని వ్రాసినది. న్యాయమైన వైద్యావసరానికి ఒక వ్యక్తి ఒక సమయంలో 100 మోతాదులకు మించకుండా దగ్గర ఉంచుకోవచ్చు. దీర్ఘకాల వాడుక అవసరమని వైద్యుడు ప్రత్యేకంగా వ్రాసి ఇస్తే 300 వరకు ఉంచుకోవచ్చు. ఆరు నెలలు కుమారుని ఇంట ఉండబోయే తండ్రి ఈ అంకెను తప్పక తెలుసుకోవాలి. 2014 మార్చి 1 నుండి అమలైన హెచ్-1 అనే షెడ్యూలు ప్రకారం దుకాణదారుడు ఇటువంటి మందు అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు, పరిమాణం ఒక పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలతో వ్రాయాలని 2016లో వైద్యుల ప్రవర్తనా నియమావళిలో చేర్చినారు. 2018 నుండి పట్టీ మీద అసలు పేరును వ్యాపారనామం కంటె పెద్ద అక్షరాలలో అచ్చువేయాలనే నిబంధన కూడా వచ్చినది.

చట్టం ఇంత చేసినా ఒక కత్తెర దానినంతటినీ వ్యర్థం చేస్తున్నది. పది మాత్రల పట్టీలో నాలుగు కావాలంటే మన మందుల దుకాణంలో కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు ఉన్న ముక్క ఒకరికి పోతుంది, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి. ఆ నాలుగు మాత్రలను చిన్న కాగితపు సంచిలో పోసి ఇస్తే, అవి ఏ దేశపు అధికారి ఎదుటనైనా పేరు లేని మాత్రలే.

నాతో పాటు పనిచేసి విశ్రాంతి తీసుకొన్న గణితోపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. భార్య పోయిన తరువాత వారికి నిద్ర కరవైనది. ఊరి వైద్యుడు వ్రాసిన మాత్రను నాలుగేళ్ళుగా ప్రతి రాత్రీ వేసుకొంటున్నారు. కుమార్తె దగ్గరకు పోతూ దారిలో ఒక విదేశపు విమానాశ్రయంలో దిగినారు. అక్కడి అధికారి మాత్రలు చూపి ఇదేమిటని అడిగినాడు. నిద్రమాత్ర అని ఈయన జవాబు. పేరేమిటి? ఈయనకు తెలిసినది దుకాణంలో అడిగే పేరు. పట్టీ మీద చూద్దామంటే కత్తిరించిన ముక్కల మీద ఆ పేరులోని చివరి మూడు అక్షరాలూ, ధరలో సగమూ మిగిలినవి. వైద్యుని చీటీ ఇంటి దగ్గర గోడ మేకుకు గుచ్చి ఉన్నది. గంటన్నర సేపు కూర్చోబెట్టి, వయస్సు చూసి పంపించినారు. మాత్రలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. జీవితమంతా పిల్లలకు క్షేత్రగణితంలో నిరూపణలు నేర్పిన మనిషి తన మందు తనదేనని నిరూపించుకోలేకపోయినానని ఆ తరువాత నాతో అన్నారు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ వారం రోజులు కుమార్తె ఇంట్లో వారికి చేతులు వణకడం, గుండె దడ, రాత్రంతా కూర్చొని ఉండటం. ఇది మనోబలం లేకపోవడం వలన వచ్చినది కాదు. డయజిపామ్ జాతి మందులను నెలల తరబడి వాడి అకస్మాత్తుగా ఆపివేస్తే నిద్రలేమి తిరగబెట్టడమే కాక వణుకు, కలవరపాటు, కొందరిలో మూర్ఛలు కూడా రావచ్చు. అలవాటుపడటం, మానేటప్పుడు కలిగే బాధలను గురించి 2020లో అమెరికా ఔషధ అధికారులు ఈ జాతి మందులన్నింటి మీదా గట్టి హెచ్చరిక ముద్రించవలెనన్నారు. అక్కడి వైద్యుడు తగిన మోతాదు వ్రాసి ఇచ్చి, దానిని నెమ్మదిగా తగ్గించుకొంటూ వచ్చిన తరువాత మావారు కుదుటపడినారు. సరిహద్దులో పోయినది నాలుగు మాత్రలే కావచ్చు. దాని వెనుక పోయేది ఒక వృద్ధుని ఆరోగ్యం.

మరొక వర్గం వారి సంగతి ఇంకా కష్టం. కరీంనగరం, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు కూలికి పోయేవారు తమ సామానుతో పాటు ఊరివారు ఇచ్చిన పొట్లాలు కూడా మోస్తారు. మా తమ్మునికి ఇవ్వు, మందులే అని చెప్పి ఇచ్చిన పొట్లాన్ని కాదనడం మన మర్యాద కాదు. ఆ పొట్లంలో నిద్రమాత్రలో, మత్తు కలిగించే నొప్పి మాత్రలో ఉంటే చీటీ మీది పేరు ఒకరిది, పాస్‌పోర్టు మీది పేరు ఇంకొకరిది. 1971 ఒడంబడిక తెరచిన చిన్న తలుపు స్వంత వాడుకకే గాని పరోపకారానికి కాదు. వంటింటి గసగసాలకు సైతం ఎమిరేట్లలో నిషేధం ఉన్నది. నల్లమందు ఇచ్చే మొక్క గింజలు కావడమే అందుకు కారణం. మసాలా కోసం అమ్మ కట్టి ఇచ్చిన గుప్పెడు గింజలకు 1912 నాటి హేగ్ ఒడంబడికతో చుట్టరికం ఉన్నదని ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

ఇదంతా చదివి నియంత్రణ అనవసరమని నేను అంటున్నానని అనుకోకూడదు. బార్బిటాల్ చరిత్ర, మెథాక్వలోన్ చరిత్ర చూసినవారెవరూ ఆ మాట అనరు. జోల్పిడెమ్ వంటి కొత్త మందుకు కూడా, మరునాటి ఉదయం మత్తు మిగిలిపోతున్నదని గ్రహించి స్త్రీలకు మొదటి మోతాదును 2013లో అమెరికాలో సగానికి తగ్గించినారు. విమానంలో సగం నిద్రలో లేచి నడిచే వృద్ధునికి ఇటువంటి మాత్ర ఎంత ప్రమాదమో వైద్యులు చెప్తారు. ప్రయాణానికని కొత్తగా మొదలుపెట్టడం ఒక తప్పు, ప్రయాణానికని హఠాత్తుగా మానివేయడం ఇంకొక తప్పు. రెండింటికీ వైద్యుని సలహా కావాలి. నా మాట ఒక్కటే. నియంత్రణ వ్రాసినవారు రోగికి ఒక హక్కు వంటి దానిని మిగిల్చినారు. దానిని అడిగి తీసుకొనే భాష రోగికి రాకపోతే అది లేనట్లే.

ఆ భాష నేర్చుకోవడం కష్టమేమీ కాదు. వైద్యుని అడిగి, మందు అసలు పేరు, మోతాదు, రోజుకు ఎన్ని, ఎన్నాళ్ళకు, ఏ జబ్బుకు అన్నవి ఆంగ్లంలో పెద్ద అక్షరాలతో వ్రాయించుకొని సంతకం, ముద్ర, రిజిస్ట్రేషను సంఖ్య వేయించుకోవాలి. చీటీ మీది పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు ముందూ వెనుకా అయ్యే బాధ అందరికీ తెలిసినదే. కత్తిరించని పట్టీలు, కొన్న రసీదుతో సహా, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. దిగబోయే దేశం నిబంధనలే కాక మధ్యలో విమానం మారే దేశం నిబంధనలు కూడా చూసుకోవాలి. పిల్లలు టిక్కెట్టు పంపేటప్పుడు ఈ పని కూడా వారే చేసిపెడితే అది తల్లిదండ్రులకు నిజమైన సేవ.

అన్నింటికంటె ముందు, ఆ మాత్ర యౌగికనామాన్ని కంఠస్థం చేయండి. శతకపద్యాలు వందలకొద్దీ నోటికి వచ్చిన తరం మనది. మూడు నాలుగు అక్షరాల పేరు ఒకటి నేర్చుకోలేమా? అద్దాలు పెట్టెలో ఉండిపోయినా, పట్టీ చేజారినా, కాగితం తడిసినా నోటిలో ఉన్నదానిని ఏ సరిహద్దులోనూ లాగుకోలేరు.